నోరు తెరిచిన చేపలు

"మొదటిది, చచ్చిన చేపల్నంతా ఒక పక్కకు కుప్ప పోయల్ల. పోలీసోళ్లు వచ్చి చూసేదాకా ఒక్కదాన్ని గూడా పూడ్చకూడదు. రెండోది, ఈ నీళ్లు ఒక సీసాకు పట్టి పెట్టల్ల. మూడోది, సంఘంలో అందరి చేతా వేలిముద్రలు ఏపియ్యల్ల. నాలుగోది, ఆ ఎర్రప్ప తన గొర్రెల్ని తోలుకోని ఊరు దాటకుండా చూడల్ల. ఐదోది నీ పని, భారతీ. వాడు మడుగులో పురుగుల మందు పోసినాడని కంప్లైంటు రాయల్ల. రాసేకి పిలిస్తే వంగి వంగి ఆ చేప నోట్లో ఏం చూస్తాండావు?"

"నోట్లో గాదు అత్తా. పక్కన. మొప్పలు చూస్తాండా."

బెళుగుప్ప దగ్గర ఒక పల్లె చెరువు, 2002 ఏప్రిల్. నీళ్లన్నీ ఇంకిపోయి చెరువు నడుమ ఒక మడుగు మిగిలింది. మహిళా సంఘం గుత్తకు తీసుకుని చేపలు పెంచుతున్నది అందులోనే. సంఘం లీడరు హనుమంతమ్మ, ఆమె అన్న కూతురు భారతి నీళ్ల అంచున ఉన్నారు. అనంతపురంలో జంతుశాస్త్రం చదివి, ఆ ఇంట్లో మొదటి డిగ్రీ తెచ్చుకున్న పిల్ల భారతి. కలం తెచ్చుకుంది గానీ ఇంకా మూత తీయలేదు.

"చచ్చినదాని మొప్పలు చూస్తే ఏమొస్తాది?"

"ఎట్ల చచ్చిందో తెలుస్తాది. ఇట్ల రా, చూడు. నోరు పెద్దగా తెరిచి అట్లనే బిగుసుకోని పోయింది. మొప్ప రెక్కలు ఎడంగా ఇచ్చుకోని ఉండాయి. దీంది గూడా అంతే. దీంది గూడా."

"మందు తాగితే మనిషైనా నోరు తెరిచే చస్తాడు. మనూర్లో చూడలేదా నువ్వు?"

"చూసినా."

"మరి రాయి. రామాంజినమ్మ వాళ్లు పొద్దన బస్సుకే బెళుగుప్పకు పోయినారు. జీపు తీసుకోని వస్తారు. వచ్చేలోపల కాగితం అయిపోవల్ల."

"రాస్తా. చచ్చినవి ఏమేమి అత్తా?"

"కనపడల్లేదా? బొచ్చెలు, రోహులు. మనం పిల్లల్ని తెచ్చి ఏసినవి. మూర మూర పెరిగిండె."

"కొర్రమీన్లు?"

"అవి మనం ఏసినవి గాదు."

"చచ్చినాయా, లేదా?"

"కనపళ్ళా."

"అదో, ఆ రాయి పక్కన. చూసినావా? పైకొచ్చి మూతి పెట్టి గాలి మింగి పాయ. మల్ల ఇంగొకటి."

"ఉంటే ఉండనీ. దాందేముండాది?"

"మందు పోసింటే అది గూడా చచ్చల్ల కదా."

"దానికి పాణం గట్టి."

"కప్పపిల్లలకు గూడా పాణం గట్టేనా? అంచంతా తోక లాడిచ్చుకుంటా తిరుగుతాండాయి. నత్తలు పాకతాండాయి. కాకులు పొద్దన్నుంచి ఆ చేపల్నే పొడిచి పొడిచి తింటాండాయి. ఒక్క కాకన్నా కింద పడిందా?"

"నువ్వెవరి తరపు మాట్లాడతాండావు, భారతీ?"

"ఎవరి తరపూ గాదు."

"గాదంటే ఎట్ల. ఎర్రప్ప మీ నాయనకు దోస్తు. నీకు దగ్గొస్తే గొర్రెపాలు తెచ్చి ఇచ్చినాడు. అది మనసులో పెట్టుకోని..."

"ఆ పాలతో టీ కాంచుకోని నువ్వూ తాగినావు."

"ఆ పొద్దు మంచోడే. ఈ పొద్దు గాదు. మడుగు చుట్టూ ఈ ముళ్లకంప నాటినామా, గొర్రెలు రావద్దంటిమా, ఆ దినం ఏమన్యాడు? మీ చేపలు నీళ్లల్లో కూర్చోని తాగుతాండాయి, నా గొర్రెలు గట్టు మింద ఎండుతాండాయి, చూస్తా అన్యాడు. ఆ చూస్తా అనే మాటకు అర్థమేమి?"

"కోపంలో అందరం అంటాము."

"అన్నోళ్లందరి కాడా చేపలు చచ్చలేదు కదా."

"అత్తా, చేప నీళ్లు తాగి బతకదు. నీళ్లల్లో ఉండే గాలి తీసుకోని బతుకుతాది. నోట్లోకి నీళ్లు పట్టుకుంటాది, మొప్పల గుండా బయటికి ఇడుస్తాది. ఆ మధ్యలో మొప్పల్లో ఉండే నెత్తురు గాలిని పట్టేసుకుంటాది. మనం ఊపిరి తీసినట్లే."

"నీళ్లల్లో గాలి యాడుంటాది మే? ఉంటే బుడగలై పైకి పోదా?"

"కరిగి ఉంటాది. నీళ్లల్లో ఉప్పు కరిగితే కనపడతాదా?"

"నోట్లో పోసుకుంటే తెలుస్తాది."

"చేపకు గూడా అట్లనే తెలుస్తాది, నోట్లో పోసుకుంటే. పగలు ఎండకు ఈ పచ్చగుండే పాచి నీళ్లల్లో గాలి పుట్టిస్తాది. రాత్రయితే పుట్టీదు. చేపలు, పాచి, బురదలో పురుగులు, అన్నీ ఉన్న గాలినే వాడుకుంటాయి. తెల్లారేసరికి అడుగంటి పోతాది. నీళ్లు ఎంత ఉడుకెక్కితే గాలి అంత తక్కువ పడతాది. దానికి తోడు ఎండ లేదాయె. వారం దినాలాయె మబ్బు మూసి మోడం పట్టి."

"మోడం పట్టిందని గంగమ్మకు టెంకాయ కొట్టింటిమి."

"ఆ మోడమే అత్తా."

"ఏమంటాండావు?"

"మోడానికి ఎండ లేదు. ఎండ లేక పాచి గాలి ఇయ్యలేదు."

"అయితే రాయి, ఎస్సై గారికి నమస్కారం, మా చేపల్ని మోడం చంపింది, పట్టుకోని లోపలెయ్యండి అని. ఈ గడ్డ మింద పుట్టి మోడాన్ని తిట్టేదానివి నువ్వొక్కదానివే."

"తిట్టడం లేదు. నాకు తెలిసింది చెప్తాండా."

"మరి కొర్రమీను? దానికి వేరే గాలి ఇచ్చినాడా దేవుడు?"

"దాని తలలో, మొప్పల పైన, ఒక అర ఉంటాది. పైకొచ్చి బయటి గాలి మింగి ఆడ పెట్టుకుంటాది. నీళ్లు చెడినా బతుకుతాది. ఎండిన చెరువు బురదలో గూడా కొన్నాళ్లు ఓర్చుకోని ఉంటాది. ఎండిపోయే నీళ్లకు తగినట్ల దాని ఒళ్లు అట్ల కుదిరింది. అందుకని దానికి పైగాలి లేకుండా కుదరదు. వల ఏసి నీళ్లలోపలే తొక్కి పెట్టినావనుకో, మునిగి చస్తాది."

"చేప మునిగి చస్తాదా?"

"చస్తాది."

"దీనికా మీ నాయన ఎద్దుల్ని అమ్మి నిన్ను అనంతపురం పంపిచ్చింది?"

"నవ్వు, ఏం పర్వాలేదు. బొచ్చె పెద్ద ఏర్లల్లో పుట్టిన చేప. పారే నీళ్లల్లో గాలికేం తక్కువ? దానికి ఆ అర అవసరం రాలేదు. మనం తెచ్చి ఈ గుంతలో ఏసినాము."

"అంటే కొర్రమీను ఈ ఊరి ఆడబిడ్డ, బొచ్చె పైనుంచి వచ్చిన కోడలు. సర్దుకోలేక పాయ."

"అట్లనే అనుకో. అత్తా, కాపలా నీదే కదా. ఈ మధ్య తెల్లారి వచ్చినప్పుడు చేపలు పైకొచ్చి నోర్లు తెరిచినాయా?"

"ఏమో."

"ఏమో అంటే?"

"చేపలన్నాక నోర్లు తెరుస్తాయి."

"నిన్న?"

"తెరిచినాయేమో. నేనేమన్నా లెక్క పెట్టినానా?"

"అన్నీ ఒకటేసారి పైకొచ్చి, తెరుస్తా, మూస్తా..."

"యాల మే ఇట్ల తవ్వతాండావు, పోలీసోని మాదిరి? తవ్వేదేదో ఎర్రప్ప కాడ తవ్వు."

"చూసి ఏం చేసినావు?"

"ఏం చేస్తా. చూసినా."

"చూసి?"

"చూసి ఇంటికి పోయినా. అదో వస్తాండాడు చూడు నీకు పాలు పోసినోడు. మందనంతా ఎంటేసుకోని వస్తాండాడు. ఎంత ధైర్యమో."

ఎర్రప్ప చెరువు గట్టు మీద ఆగాడు. అతని వెనక గొర్రెలు నాలుకలు బయటపెట్టి ఒకదాని కింద ఒకటి తల దాచుకుని నిలబడ్డాయి.

"హనుమంతమ్మా, నీతో కొట్లాడేకి రాలేదు. నా మందకు యాడా నీళ్లు లేకుండా చేసినారు మీ ఆడోళ్లు. నిన్న పొద్దన తాగినాయి ఇవి. లింగన్న బావి కాడికి పోతే, విషం పోసే చేయి మా తొట్లో పెట్టొద్దు అన్యాడు. రేపు వాళ్ల చేన్లో మంద ఆపల్ల, ఎరువు కావల్లని వాడే అడిగిండె. ఇప్పుడు అదీ వద్దంట. ఒక ఊర్లో ఈ మాట పుట్టిందంటే రాయదుర్గం దాకా నా మందను ఏ చేన్లోకీ రానియ్యరు. నేనెట్ల బతకల్ల?"

"మా చేపలు బతికినాయా?"

"నేను నీ చేపల జోలికి రాలేదు."

"రాలేదంటే ఎవరు నమ్ముతారప్పా?"

"మామా, నేను భారతిని. గొర్రెలు అంత అలిసిపోయి ఉండాయే."

"చూస్తాండావు కదా, పాపా. ఈనేవి ఉండాయి లోపల. ఈ పొద్దు మాపటేలకు నీళ్లు పడకపోతే పండుకుంటాయి, ఇంగ లేయవు. నావే అయితే నా కర్మ అనుకుందును. సగం తిరుపాలమ్మవి. మొగుడు పోయినాక ఆయమ్మకు ఉండేది ఆ గొర్రెలే. నన్ను నమ్మి నా మందలో ఇడిసింది."

"నీళ్లు కావల్లనా ఎర్రప్పా? అదో మడుగు. నిన్నటిదాకా కంప అడ్డమని ఏడిస్తివి. నేనే పక్కకు ఈడుస్తా, జరుగు. దిగు, తాపు."

"వద్దు."

"ఏమి?"

"వద్దంటి కదా. ఆ నీళ్లు వద్దు."

"విన్యావా భారతీ? మన చెవులతో మనమే విన్యాము. దప్పికతో పడిపోయే మందను నీళ్ల ముందర పెట్టుకోని వద్దంటాండాడు. ఎందుకు? ఆ నీళ్లల్లో ఏముండాదో వానికి తెలుసు. ఇది రాయి. ఈ ముక్క చాలు."

"మామా, యాల వద్దంటివి?"

"నేను చెప్పను."

"చెప్పకపోతే అత్త అన్నదే నిజమనుకుంటారు. జీపు వస్తాండాది."

"జీపు రానీ. చెప్తే మాత్రం నా మాట ఎవరింటారు? ఆమె లీడరు. నేను గొర్రెలోణ్ని."

"నేనింటా. చెప్పు."

"నువ్వు ఆమె కోడలివి."

"కోడల్నయినా ఇంటా."

"అయితే మీ అత్తనే అడుగు. నిన్న మాపటేల సంచి తల మింద పెట్టుకోని వచ్చి ఈ మడుగులో ఏం కుమ్మరిచ్చిందో అడుగు."

"అబద్ధం."

"గోతం సంచి. ముందూ ఎనకా చూసుకోని దిగె. నేను ఆ తుమ్మచెట్టు కింద ఉంటి. కుమ్మరిచ్చి, సంచి దులిపి, చంకన పెట్టుకోని పాయ. నేనప్పుడే అనుకున్యా. కంప తోసుకోని నా గొర్రెలు నీళ్లకు దిగుతాయని, వాటికి పెట్టింది మందు. చేపలు ముందు చచ్చినాయి. అంతే."

"నా చేపల్ని నేనే చంపుకుంటానా? మతి ఉండాదా నీకు?"

"చేపలు పోతే మల్ల ఏస్తారు. గొర్రెలోడు పోతే చెరువంతా మీదే కదా."

"నోరు అదుపులో పెట్టుకో ఎర్రప్పా."

"అత్తా, సంచిలో ఏముండె?"

"సంచి లేదు, గించి లేదు."

"పొద్దన మీ ఇంటికి వస్తే నీ ఎనుము కట్టుకొయ్య పీకేటట్ల అరుస్తాండె. తొట్లో మేత ఏమీ లేదు. నానబెట్టింది ఏమాయ అని నేనడిగితే, ఇంట్లో మామకు చెప్పొద్దు అంటివి. ఏమాయ అత్తా?"

"చెక్క."

"ఏమి చెక్క?"

"చెనిక్కాయ చెక్క, నూనె తీసినాక మిగిలే పిప్పి. ఎనుముకని తెచ్చి పెట్టింది. ఇంట్లో ఉండేదంతా తెచ్చి పోసినా. మీ మామ చూస్తే తిడతాడని చాటుగా తెచ్చినా. దాంట్లో తప్పేముండాది? నిన్న తెల్లారి వస్తే అన్నీ పైకొచ్చి ఉండాయి. నోరు తెరుస్తాయి, మూస్తాయి. తెరుస్తాయి, మూస్తాయి. నన్ను చూసి గూడా లోపలికి పోలేదు. అంత ఆకలి. ఇంటికి పోయినానే గానీ నా మనసు ఈడనే ఉండె. ఎనుము ఒక పూట మాడితే చావదు, వీటికి పెడదామని తెచ్చినా."

"తిన్యాయా?"

"ఏమి?"

"చెక్క పోసినావు కదా. తిన్యాయా?"

"తినలేదు."

"ఒక్కటి గూడా?"

"చెక్క పోతాపోతా అడుక్కు పాయ. ఒకటీ మూతి పెట్టలేదు."

"ఆకలైతే తినవా అత్తా?"

"గమ్మునుండు."

"అవి నోరు తెరిచింది ఆకలికి గాదు. ఊపిరాడక. పైనుండే నీళ్లల్లో కొంచెమన్నా గాలి ఉంటాదని మూతులు పైకి పెట్టినాయి. అడుక్కు పోయిన చెక్క రాత్రంతా నాని కుళ్లింది. కుళ్లేది గూడా గాలినే తింటాది. ఉన్న కొంచెం గూడా..."

"గమ్మునుండమంటి కదా. నోరు తెరిస్తే ఆకలే. నాకు చెప్పొద్దు."

"మా పుస్తకంలో..."

"పుస్తకం ఎత్తొద్దు. ఆకలైన నోరు ఎట్లుంటాదో నేను చూసినా. నువ్వు చూడలేదు. మీ నాయన నీకు ఆ అవస్థ రానీలేదు. నోరు తెరిస్తే ఆకలే. అంతే."

"చెక్కేనా హనుమంతమ్మా? చెక్కే అయితే ఇంతసేపూ లేదు లేదని యాల దాచినావు?"

"నీకు చెప్పే పని నాకు లేదు."

"దాచేవాళ్లను ఎట్ల నమ్మల్ల?"

"మామా, నీళ్లల్లో మందు లేదు. కప్పపిల్లలు తిరుగుతాండాయి, చూడు. మందను ఇడువు."

"నువ్వు మంచిదానివే పాపా. నీ చదువు నమ్మి తిరుపాలమ్మ గొర్రెల్ని ఇడుస్తే, రేపు అవి పడిపోతే, ఆయమ్మకు నువ్వొచ్చి చెప్తావా?"

"నేను తాగుతా. నీ ముందరనే తాగుతా."

"నువ్వు తాగితే ఏం తెలుస్తాది? అందులో ఏముండాదో నీకు తెలీదు. తెలీనోళ్లు ఏమన్నా తాగుతారు. పోసినోళ్లను తాగమను."

"అక్కా, హనుమక్కా! జీపు ఊర్లోకి వచ్చింది. నేను ముందర నడిచి వచ్చినా. యాడుండాడు వాడు? ఈడనే ఉండాడా? పోనియ్యొద్దు, పట్టుకోండి."

"ఆడనే ఉండు రామాంజినీ. కిందికి దిగొద్దు."

"యాల అక్కా?"

"చెప్తా. ఉండు. భారతీ, నేనిప్పుడు నాలుగు మాటలు ఎర్రప్ప మింద చెప్తే అయిపోతాది కదా."

"అయిపోతాది. మామను జీపెక్కిస్తారు. మంద ఈడనే పడిపోతాది."

"ఎవరో తెలీదు, మందు మాత్రం పోసినారు అని రాపిస్తే? ఎవరి పేరూ వద్దు."

"పేరు రాయకపోయినా ఊరు ఎవర్నంటాది అత్తా? లింగన్న తొట్టి మూసింది పేరు రాసినాకనా?"

"సంఘంలో అందరూ నా మాట మింద కూడినారు. వాళ్ల ముందర నేనే చంపినానని చెప్పల్లనా?"

"నువ్వు తాగితే మందు లేదని తేలిపోతాది. అప్పుడు ఎట్ల చచ్చినాయని అడుగుతారు. చెక్క సంగతి బయటికొస్తాది."

"తెలుసు."

"నీకు ఇష్టం లేకపోతే..."

"తెలుసు అంటి కదా. పక్కకు జరుగు, నీళ్లకు అడ్డం ఉండావు."

"అత్తా, కంపు కొడతాండాది. కొంచెం చాలు. అత్తా, చాలు."

"చూస్తాండావా ఎర్రప్పన్నా? కండ్లారా చూడు. ఇవి నేను చెక్క పోసిన నీళ్లే. ఇంగొక దోసిలి తాగల్లనా?"

"వద్దు చెల్లెలా. చాలు."

"సరిగ్గా చూసినావా? మల్ల రేపొచ్చి ఉమ్మేసినావు అంటావేమో."

"చూసినా. మింగినావు. ఇంగ మాట లేదు. పా, పా. నెమ్మదిగా. యాడికి పోతాండాయి నీళ్లు? ఏయ్ నల్లదానా, తోయొద్దు, అది కడుపుతో ఉండాది. పా."

"హనుమక్కా, నీకేమన్నా పిచ్చా? మందు నీళ్లు తాగుతావా? వాడు మందను దింపుతాంటే చూస్తా నిలబడినావా?"

"మందు లేదు రామాంజినీ. ఎవరూ పోయలేదు. జీపోళ్లకు చెప్పు, ఎర్రప్పకు దీంతో ఏం సంబంధం లేదని. చేపలకు చెక్క పోసింది నేను. మంచి జరుగుతాదని పోసినా. ఊపిరాడక చచ్చినాయి."

"చెక్క తింటే చస్తాయా యాడన్నా? ఎవరు చెప్పినారు నీకు?"

"తినలేదు. అది అడుగున కుళ్లి నీళ్లల్లో గాలిని తినేసె, అందుకే చచ్చినాయి. మా భారతి చెప్తాది, ఇను. సంఘం కూర్చోనీ. నన్ను దిగమంటే దిగుతా, తిడితే పడతా."

"అక్కా, అట్లంటే ఎట్ల. ఆడోళ్లకు నేనేమని చెప్పల్ల?"

"నేనన్నదే చెప్పు. ఒక్క మాట గూడా తగ్గిచ్చొద్దు. పోతాపోతా లింగన్న బావి కాడ నిలబడి, వానికి ఇనపడేటట్ల చెప్పి పో."

మంద తాగి పోయింది. జీపు వచ్చి, చూసి, తిరిగి వెళ్లింది. చేపల కుప్పను పూడ్చేశాక మడుగు దగ్గర అత్తాకోడళ్లిద్దరే మిగిలారు. భారతి చేతులు కడుక్కుని లేచింది. హనుమంతమ్మ లేవలేదు.

"ఇంటికి పోదాం రా అత్తా. ఎనుముకు ఏమన్నా ఎయ్యల్ల."

"కూర్చో. ఒక సంగతి అడుగుతా. చదివిందే చెప్పు. నా మనసు కోసరం చెప్పొద్దు."

"అడుగు."

"మనిషికి మొప్పలు లేవు కదా."

"లేవు. ఎదలో ఊపిరితిత్తులు ఉంటాయి."

"దాంట్లోకి గాలి చాలకపోతే మనిషి గూడా ఆ మాదిరి నోరు తెరుస్తాడా?"

"తెరుస్తాడు."

"బిడ్డ?"

"బిడ్డయినా అంతే."

"ఇంగా ఏమేం చేస్తాది? అంతా చెప్పు."

"ముక్కు రెక్కలు ఎగరేస్తాది. గబగబా ఊపిరి తీస్తాది. తీసినప్పుడంతా డొక్కలు లోపలికి పోతాయి. యాల అడుగుతాండావు?"

"పాలు తాగుతాదా?"

"తాగలేదు. ఊపిరి తీసేకే సరిపోతాది."

"అంటే ఆకలి గాదు."

"అన్నిసార్లూ ఒకటే మాదిరి ఉండదు అత్తా. ఆకలైనా గూడా బిడ్డలు నోరు..."

"మాట మారుస్తాండావు. చేపలప్పుడు మార్చలేదే?"

"మార్చడం లేదు."

"మారుస్తాండావు. నా కండ్లు చూసి చెప్పు. వానికి డొక్కలు లోపలికి పోతాండె. నేను కడుపు ఎండి ఎన్నుకు అంటుకోని పాయ అనుకున్యా. కరువు. నాకే సంగటి లేదు, నా కాడ పాలేడివి? నోరు తెరుస్తాండె, మూస్తాండె. ఇంటింటికీ తిరిగి దోసెడు రాగిపిండి అడుక్కోని వచ్చి గంజి కాంచినా. పోసినా. మింగలేదు. బయటికొచ్చె. తల పట్టుకోని మల్ల పోసినా."

"వద్దు అత్తా."

"ఆకలితో పోయినాడని ఇన్నేండ్లూ అందరికీ చెప్పినా. మీ నాయనకు గూడా అదే తెలుసు. కరువును తిట్టినా. పిండి లేదన్న ఇండ్లోళ్లను తిట్టినా. ఇంగ కొంచెం గంజి దొరికింటే బతికిండునని అనుకుంటి."

"అప్పుడు ఏం జబ్బో మనకు తెలీదు కదా. నువ్వు పోసినా, పోయకపోయినా..."

"పోయకపోతే బతికిండునా? చదివినదానివి. చెప్పు."

"తెలీదు అత్తా. నాకు తెలీదు."

"ఇది నిజం చెప్పినావు. ఈ చేపల సంగతి నువ్వు రేపు యాడన్నా రాస్తావు. నీ మొకం చూస్తేనే తెలుస్తాంది. రాయి. నా పేరు పెట్టినా, పెట్టకపోయినా నాకేం లేదు. చదివేవాళ్లకు మాత్రం ఒక మాట చెప్పు. తిప్పేష్ అని నా బిడ్డ ఒకడుండె. వానికి ఆకలి గాలేదు. ఊపిరి కావల్సిండె. వాణ్ని గుర్తుపెట్టుకోమను."